బావ కోసం వెతికిన మబ్బు

మా స్టూడియో వెనకగదికి కిటికీ లేదు. ఒకప్పుడు ఉండేది. విజయనగరంలో ఆ చోటు అద్దెకు తీసుకోగానే నేనే దానికి ఇటుకలు పెట్టించి సిమెంటు పూయించాను. ఫిల్ము కడిగే గదిలోకి దారప్పోగంత వెలుతురు దూరినా పెళ్లికొడుకు మొహం బొగ్గయిపోతుంది మరి. తరవాత ఫిల్ము పోయింది, కడగడం పోయింది, మందునీళ్ల ట్రేల్లో మా ఆవిడ బంతిమొక్కలు వేసింది. కిటికీ మాత్రం తిరిగి రాలేదు. గోడ కొట్టాలంటే ఇంటి ఓనరుతో మాట్లాడాలి. ఆయనతో మాట్లాడితే అద్దె పెంచే సంగతి ఆయనకు గుర్తొస్తుంది. అందుకని చీకటిగది చీకటిగదిగానే ఉండిపోయింది. లోపలికి ఒక కంప్యూటరు, ఒక టేబుల్ ఫ్యాను, ఒక నవారు మంచం వచ్చి చేరాయి.

ఒక ఎండాకాలమంతా ఆ గదిలో నేనూ మా బావా ఇరుక్కుపోయాం.

నేను కోతలు కోస్తానని విజయనగరంలో సగం మందికి తెలుసు. మిగతా సగానికి నేనే చెప్పాను. మా నాన్నది భావనపాడులో ఎండుచేపల వ్యాపారం. తుపానుకి ఆయన నెత్తళ్ల బుట్ట ఒకటి ఎగిరి వెళ్లి ఒడిశాలో చెరువులో పడిందనీ, నీళ్లు తగలగానే ఎండు నెత్తళ్లు లేచి ఈదుకుంటూ పోయాయనీ నేను చెప్తే, ఎన్నో పెళ్లిళ్లలో జనం భోజనాల దగ్గర విస్తరి వదిలి నవ్వారు. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం జరిగింది. మీరు నమ్మకపోతే నాకది కొత్త కాదు.

ముందు మబ్బుల సంగతి చెప్పాలి. నాకు పని నేర్పిన స్టూడియో గురువుగారు, ఆకాశాన్ని తీయాలంటే లెన్సుకి ఎర్ర గాజు తగిలించమనేవారు. నలుపు తెలుపు ఫిల్ముకి నీలి ఆకాశమూ తెల్ల మబ్బూ ఇంచుమించు ఒకటే. రెండూ సున్నం కొట్టిన గోడలా వస్తాయి. ఎర్ర గాజు పెడితే ఆకాశం నల్లబడి, మబ్బు అందులోంచి లేచి నిలబడుతుంది. రామతీర్థం కొండ మీద మొదటిసారి అలా తీసిన ఫొటో కడిగి చూసుకున్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. నా కళ్లు చూడనిది గాజు చూసింది.

ఇక ఈ మబ్బుల నుంచి ఒక దూరపు చందమామ దాకా ఎలా వెళ్లానంటే, దానికి మూడు కథలు చెప్పుకున్నాను. నిజమైనది చప్పగా ఉంటుంది. చీపురుపల్లి పెళ్లి ఆల్బం ఒకదానికి వెనక అతికించడానికి మంచి మబ్బుల ఆకాశం కావాలని ఇంటర్నెట్‌లో వెతుకుతూ ఉంటే ఒక బూడిదరంగు బంతి బొమ్మ తగిలింది. దాని అడుగున చిన్న తెల్ల మరక. అది మబ్బట. ఆ బంతి శనిగ్రహం చుట్టూ తిరిగే చందమామట, పేరు టైటన్. పెళ్లి ఆల్బం పక్కన పడింది. ఆ పెళ్లికూతురు తండ్రి స్టూడియో చుట్టూ తిరిగి తిరిగి చెప్పులు అరగదీసుకున్నాడు.

టైటన్ మామూలు కంటికి వట్టి బత్తాయిపండు. చుట్టూ నారింజరంగు పొగ, లోపల ఏముందో తెలియదు. శని దగ్గర ఏళ్ల తరబడి తిరిగిన ఒక వ్యోమనౌక గాజులు మార్చి మార్చి దాన్ని ఫొటోలు తీసింది. ఒక గాజులోంచి పై పొగ ఒక్కటే కనబడుతుంది. ఇంకో గాజు మన కంటికి అందని వెలుతురుని పట్టుకుంటుంది. ఆ వెలుతురు పొగని దాటి నేల దాకా వెళ్లి వస్తుంది. అప్పుడు నల్లటి ఇసుకమేటల మచ్చలు, తెల్లటి మెరకలు కనబడతాయి, ఎప్పుడైనా ఒక మబ్బు కూడా. ఆ ఫొటోలన్నీ ఎవరైనా చూసుకోవచ్చని బయట పెట్టేశారు.

తెల్లగా కనబడిందల్లా మబ్బు కాదు. ప్రతి ఫొటోలోనూ అదే మూల కనబడితే అది కెమెరాలో దుమ్ము. ఒక్క ఫొటోలో మెరిసి పక్కదాంట్లో లేకపోతే ఆకాశంలోంచి వచ్చి తగిలిన ఏదో కణం. చందమామతో పాటు తిరిగితే నేల. నేల తిరుగుతూ ఉన్నా తన దారిన తాను జరిగి, ఆకారం మారి, చెదిరేదే మబ్బు. పుట్టుమచ్చలు చెరిపి, మొటిమలు తుడిచి బతికినవాణ్ణి గనక మరక జాతి నాకు ఇట్టే తెలుస్తుంది. మొదటి ఫొటో నుంచి వరసగా, ఒక్కటి కూడా దాటకుండా చూసుకుంటూ రావాలని నియమం పెట్టుకున్నాను. వ్యోమనౌక ఆఖరు రోజుల్లో, ఆ చందమామ ఉత్తరాన ఉన్న సరస్సుల మీద మబ్బులు బాగా పట్టాయని చదివాను. అయినా అక్కడికి దూకలేదు. సినిమాకి వెళ్లి శుభం కార్డు ముందు చూసేవాణ్ణి కాను.

అలా కొన్నేళ్లు చూసుకుంటూ వచ్చి సగం దారిలో ఉండగా మా బావ దిగాడు.

మా అక్క మొగుడు. భావనపాడులో మోటారు బోటుంది. ఎండాకాలంలో చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలూ వేట నిషేధం గనక బోటు ఒడ్డునే ఉంటుంది. బోటుని భుజంతో సముద్రంలోకి తోసి తోసి ఆయనకి హెర్నియా వచ్చింది. గజ్జ పక్కన బలహీనపడిన చోట పేగు బయటికి ఉబ్బి వస్తుంది. చేత్తో నొక్కి లోపలికి తోసుకునేవాడు. విజయనగరం డాక్టరు చూసి, నిషేధం ఎత్తేసేలోగా ఆపరేషన్ చేయించుకోవాలి, ఈ ఒంటితో మళ్లీ బోటు తోస్తే పేగు ఆ కంతలో ఇరుక్కుని కుళ్లిపోతుంది, సముద్రం మధ్యలో ఇరుక్కుంటే ఒడ్డుకు వచ్చేది శవమే అని మొహం మీద చెప్పేశాడు. మా అమ్మాయి పురిటికని మా ఆవిడ బొబ్బిలి వెళ్లి ఉంది. అక్క వచ్చి వంటింటిని ఆక్రమించింది. బావకి వెనకగదిలో నవారు మంచం వేశాం.

వచ్చిన రోజే నా వెనక నిలబడి తెరకేసి చూశాడు. నేను అప్పుడే రంగుల బొమ్మ ఒకటి తెరిచి ఉంచాను.

"ఏటి రా ఇది? బత్తాయి తొక్క తీసీసి పెట్టినట్టున్నాది."

"శనికి ఉన్న చందమామ బావా."

ఆయన చెయ్యి చటుక్కున మెడలో తాయెత్తు మీదికి వెళ్లింది. "నాకు ఏలినాటి శని నడస్తన్నాది. తెలిసే పెట్టేవేటి ఇంట్లో దీన్ని?"

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ అంత అమాయకంగా చూస్తున్న మొహాన్ని ఊరికే వదలడం నా వల్ల ఎప్పుడూ కాలేదు.

"అదే కదా బావా దీని గొప్ప. ఆ బంతి మీద మబ్బు పట్టిందనుకో, శని చూపుకి తెరేసినట్టే. ఆ రోజు ఆయన మనకేసి సూడలేడు."

బావ మంచం మీద కూర్చున్నాడు. తరవాత వంటింటి వైపు తిరిగి అరిచాడు.

"ఒసే, డాక్టరుకి సెప్పీ. మబ్బు పట్టిన్రోజే నాకు ఆపరేషను. మీ తమ్ముడు సూసి సెప్తాడు."

అక్క గరిటె పట్టుకుని వచ్చింది. నాకేసి చూసింది. చిన్నప్పుడు చీపురుకట్ట పట్టుకునే ముందు చూసే చూపు అది.

"ఏటి సెప్పేవురా ఈయనకి?"

అలా ఆ చీకటిగది తలుపు మా ఇద్దరి మీదా మూసుకుంది. మర్నాటి నుంచి పొద్దున్నే టీ తాగగానే బావ అడిగేవాడు, "మబ్బున్నాదేటి?" నేను ఆ రోజు వరసలో రావలసిన ఫొటోలు తెరిచేవాణ్ణి. లేదు. దుమ్ము. నేల. మళ్లీ దుమ్ము. నా అదృష్టం కొద్దీ అప్పుడు నేను చూస్తున్నవి, ఆ చందమామ మీద మబ్బులు అరుదైపోయిన కాలపు ఫొటోలు. "నేదు బావా" అనేవాణ్ణి. ఆయన తృప్తిగా తలూపి గోడవైపు తిరిగి పడుకునేవాడు.

మీరు అడగొచ్చు, ఒక్క అబద్ధం ఆడితే పోయేదేముందని. అక్క కూడా అదే అడిగింది. "పుట్టిన కాణ్ణించి ఆడినోడివి, ఈ ఒక్కటీ ఆడలేవేటి? ఉన్నాదని సెప్పీ, ఆటో ఎక్కించీసి తీసుకెల్లిపోదాం."

నాకూ అలాగే అనిపించింది. మొదటి రోజు అందామని నోరు తెరిచాను కూడా. రాలేదు. అందులో పుణ్యం, పురుషార్థం ఏమీ లేవు. వృత్తిలో నేను ఎండిన ఆకాశాల మీద మబ్బులు అతికించాను, చనిపోయిన తాతల్ని మనవల పెళ్లి ఫొటోల్లో నిలబెట్టాను, మాట్లాడుకోని అన్నదమ్ముల్ని భుజం భుజం కలిపాను. నా బ్రష్షు తగలని చోటు ప్రపంచంలో ఆ బూడిద బంతి ఒక్కటే. అక్కడ తొండి చేస్తే ఆట పోతుంది. ఆట పోతే ఇక ఆ గదిలో ఫ్యానూ, గోడా, నేనూ మిగులుతాం.

గది సంగతి చెప్పాను కదా. మే నెల. మధ్యాహ్నం కరెంటు పోతే మేమిద్దరం మూతపెట్టిన కుండలో ఉడికే తేగల్లా ఉండేవాళ్లం. వీధి గదిలో అక్క, పాస్‌పోర్టు ఫొటోలకి వచ్చేవాళ్లు. బావ అక్కడికి రాడు, ఉబ్బు ఎవరైనా చూస్తారని సిగ్గు. సముద్రం మీద పడుకున్న మనిషి, గాలి ఏ వైపు నుంచి వస్తోందో నిద్రలో కూడా తెలిసే మనిషి, ఆ గదిలో గాలి కోసం తల తిప్పుతూ ఉండేవాడు. తిప్పి తిప్పి ఆఖరికి టేబుల్ ఫ్యాను వైపు ఆగిపోయేవాడు. నేను బయటికి వెళదామన్నా వెళ్లనిచ్చేవాడు కాదు. "నువ్వెల్లిపోతే మబ్బెవుడు సూస్తాడు?" అనేవాడు. ఆల్బం పని ఆగిపోయింది. వీధిలో స్నేహితులు నేను ఊరు వదిలిపోయానని ఎవరికివారే ఒక కథ అల్లుకున్నారు. నా కథల కంటే అదే బాగుంది.

నిషేధం ఎత్తేసే రోజు దగ్గరపడింది. భావనపాడు నుంచి బావ బోటు మీద పనిచేసేవాళ్లు ఫోన్లు చేస్తున్నారు. వలలు బాగుచేసేశాం, ఇంజను చూపించేశాం, నువ్వెప్పుడొస్తావని. ఆయన "వచ్చీస్తన్నాను రా" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా అక్క చేతిలో గిన్నెలు గట్టిగా చప్పుడు చేసేవి.

ఇక లాభం లేదని ఒక రోజు నిజం మొత్తం చెప్పేద్దామని కూర్చున్నాను. అక్కని కూడా పిలిచాను.

"బావా, శనికీ నీ పేగుకీ సంబందం నేదు. నేను నవ్వులాటకి అన్నాను. ఈ ఫొటోలు ఇప్పటివి కూడా కావు. తీసిన ఓడ ఎప్పుడో కాలిపోయింది."

"ఓడ కాలిపోతే ఫొటోలు ఎవుడు తీస్తన్నాడ్రా?"

"కాలిపోకముందు తీసినవి. ఇందనం అయిపోవచ్చింది. అందుకని దాన్ని తిప్పినోల్లే శనిలోకి తోసీసేరు."

బావ అక్కకేసి చూశాడు. "వింటన్నావేటే? ఓడని శనిలోకి తోసీసేరంట."

"నిజం బావా. అక్కడ మబ్బు కూడా నీళ్ల మబ్బు కాదు. గేసు. మన పొయ్యిలో మండుతాది సూడు, దానికి అన్నదమ్ముడు. అది వానై కురుస్తాది. సినుకు మన సినుకు కంటే పెద్దది, దూది పడినట్టు మెల్లగా దిగుతాది. సెరువులు కూడా ఆ గేసువే."

అక్క బుగ్గన వేలేసుకుంది. "గేసు వానేటి రా? ఎవులైనా అగ్గిపుల్ల గీస్తే?"

"మండదక్కా. మండాలంటే కావలసిన గాలి అక్కడ నేదు."

బావ పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వితే ఉబ్బు నొప్పెడుతుంది, అయినా ఆపుకోలేకపోయాడు. "ఒరే బామ్మర్దీ, కోతలకైనా ఒక ఒడ్డుండాల. నెత్తళ్లు లేచి ఈదేయంటే పోనీలే అనుకున్నాను. గేసు వానంట! నువ్వు ముందు సెప్పిందే బాగున్నాది. మబ్బు కోసం సూడు."

నేను ఆ గదిలో చెప్పిన మాటల్లో ఆయన నమ్మింది ఒక్క అబద్ధాన్నే. దాని లోపలే నన్ను కూర్చోబెట్టి తాళం వేశాడు.

ఆ తరవాత ఒక మధ్యాహ్నం భోజనం చేస్తూ బావ దగ్గాడు. ఉబ్బు బయటికి వచ్చింది, ఈసారి లోపలికి వెళ్లలేదు. నొక్కాడు. వెళ్లలేదు. చెమటలు పట్టాయి. మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ల కింద నా పాత ఆల్బములు పేర్చి ఎత్తుగా పెట్టాం. అక్క ఏడవలేదు, ఆయన అరికాలు పట్టుకుని ఊరికే కూర్చుంది. నేను ఆటో కోసం పరిగెత్తబోతుంటే, పేగు మెల్లగా లోపలికి జారింది. బావ కళ్లు మూసుకుని పడుకున్నాడు. పెదాలు తెల్లబడి ఉన్నాయి.

"పద బావా, ఆస్పత్రికి. మళ్లీ ఇరుక్కుంటే?"

"సూసేవా," అన్నాడు కళ్లు తెరవకుండానే. "శని. మబ్బు నేకుండా ఎల్తే టేబులు మీదే పోతాను."

అక్క లేచి నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది. గొంతు తగ్గించి ఒకటే మాట అంది. "తమ్ముడూ, నాకు ఈయన గావాల."

వెనకగదిలోకి వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాను. బావ నిద్రపోతున్నాడు. ఆ రోజు ఫొటోల్లో ఒకటి తెరిచి, బ్రష్షు తీసుకుని మబ్బు వేశాను. ఎంతసేపని, నాకది అలవాటైన పని. అంచులు మెత్తగా చేశాను, ఫొటోలో ఉన్న రవ్వంత గరుకు మబ్బులోకి కూడా కలిపాను. ఎవరూ కనిపెట్టలేరు. అంత అందమైన మబ్బు ఆ చందమామ మీద ఎన్నడూ పుట్టి ఉండదు. అదే దాని తప్పు. పెళ్లి ఆల్బంలో మబ్బులా ఉంది. దాన్ని బావకి చూపించి, ఆయన కత్తి కిందికి వెళ్లడం ఊహించుకున్నాను. ఏమైనా అయితే ఆ తెల్ల మరకని జన్మంతా చూడాలి. చెరిపేశాను.

అప్పుడు నేను చేసిన పని వరస తప్పడం. ఇన్నేళ్లుగా ఒక్కటి కూడా దాటకుండా దాచుకుంటూ వచ్చినదాన్ని అక్కడే వదిలేసి, ఏకంగా ఆఖరు కాలపు ఫొటోలకి దూకాను. పై పొగ చూపే గాజుతో తీసిన ఫొటో తెరిచాను, నున్నటి బంతి. నేల చూపే గాజుతో తీసింది తెరిచాను. ఉత్తరాన సరస్సుల నల్లమచ్చల పక్కన తెల్లటి చారలు, ఎవరో తడి చేత్తో పలక తుడిచినట్టు. తరవాతి ఫొటో. నేల కొంచెం తిరిగింది, చారలు దాంతో తిరగలేదు, పక్కకి జరిగాయి. ఇంకొకటి. ఒక చార రెండుగా విడిపోయింది.

దుమ్ము కాదు. నేల కాదు. నా బ్రష్షు కాదు.

"బావా," అన్నాను. "లే. మబ్బున్నాది."

ఆయన లేచాడు. మోచేతి మీద ఆనుకుని తెరకేసి చూశాడు. నేను ఒక ఫొటో తరవాత ఒకటి మార్చి చూపించాను. ఆయన తెర చూడడం ఆపేసి నా మొహం చూశాడు. చాలాసేపు. తరవాత తాయెత్తు సర్దుకుని, "ఒసే, సొక్కా ఇలాగియ్యి" అన్నాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆస్పత్రిలో కిటికీ పక్క మంచం ఇచ్చారు. మర్నాడు నేను వెళ్లేసరికి బావ ఆ కిటికీకేసి తిరిగి, ఊళ్లో గాలినంతా బాకీ వసూలు చేసుకుంటున్నట్టు పీలుస్తున్నాడు. అక్క మందులకి వెళ్లింది. నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"ఒరే. నువ్వు నా కొంప ముంచీసేవు, తెలుసా?"

"ఏటి బావా?"

"మొదటి రోజే మబ్బొచ్చీసిందంటావనుకున్నాను. నువ్వెవుడివో నాకు తెల్దేటి? అంటే, కోతలు కొయ్యకెదవా, నీ మాట మీద కత్తి కిందికి ఎవుడెల్తాడని తిట్టీసి, ఊరు బస్సెక్కీద్దామని సూస్తన్నాను. నువ్వేటి, నేదంటావు! మర్నాడు నేదంటావు! మీ యక్క మొత్తుకుంటన్నా నేదంటావు! అన్నాల్లు నేదన్నోడు ఒకరోజు ఉన్నాదంటే, ఇంకేటని తప్పించుకుంటాను?"

స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"మరి శని?"

"శనంటే నమ్మకవే. కత్తంటే బయం." మళ్లీ కిటికీకేసి తిరిగి అడిగాడు, "ఓడ కాలిపోయిందన్నావు. అది నిజవేనా?"

"నిజవే."

"అయితే ఆ మబ్బు?"

"ఎప్పుడో చెదిరిపోయింది బావా."

ఆయన నోరు బిగించాడు, కళ్లు మూసుకున్నాడు, భుజాలు ఎగరడం మొదలుపెట్టాయి. "పోరా అవతలకి," అన్నాడు నవ్వు ఆపుకుంటూ. "కుట్లు ఊడిపోతాయి."

ఆ ఏడు నిషేధం ఎత్తేసినప్పుడు ఆయన బోటు ఆయన లేకుండానే వేటకి వెళ్లింది. ఆయన ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పాడు, మా బామ్మర్ది అబద్ధం ఆడడు, చచ్చినా ఆడడు, నేను చూశాను కదా అని. భావనపాడంతా చెప్పాడు. చుట్టాలున్న ఊళ్లన్నిటికీ ఫోను చేసి మరీ చెప్పాడు.

ఈ మధ్య అక్కడే ఒక పెళ్లికి ఫొటోలు తీయడానికి వెళ్లాను. భోజనాల దగ్గర అలవాటు ప్రకారం మా నాన్న నెత్తళ్ల బుట్ట కథ ఎత్తుకున్నాను. తుపాను లేచింది, బుట్ట ఎగిరింది, చెరువులో పడింది, నెత్తళ్లు ఈదుకుంటూ పోయాయి. ఆగి, నవ్వు కోసం చూశాను. ఎవరూ నవ్వలేదు. ఎదురుగా ఉన్న ముసలాయన చేతిలో ముద్ద అలాగే పట్టుకుని, భక్తిగా ముందుకు వంగాడు.

"అవి ఉప్పు పట్టించినవేటి బాబూ, వట్టినే ఎండబెట్టినవేటి?"